గీత తొక్కితే ఔట్

బడి పిల్లలు నన్ను 'గీత సారు' అనేవాళ్లు. భగవద్గీత అనుకునేరు, అంత పుణ్యం నాకెక్కడిది! నాది సున్నపు గీత. ఆత్మకూరు దగ్గర ఒక ఊరి సర్కారు బడిలో నేను ఆటల సారును. పొద్దున్నే ఒక చేతిలో సున్నం బకెట్టు, ఇంకో చేతిలో నులక తాడు, జేబులో నాలుగు మేకులు. మైదానంలోకి దిగానంటే కబడ్డీ కోర్టు గీయడంలో నన్ను మించినవాడు పాలమూరు జిల్లా మొత్తంలో లేడని నా పొగరు. గీత వంకర పోతే పిల్లల్ని కాదు, నన్ను నేనే బూతులు తిట్టుకునేవాణ్ని.

నా చిన్నప్పుడు సున్నం ఎక్కడిది? మడమతో నేలను గీరి గీత చేసుకునేవాళ్లం. ఎవడైనా దానిమీద కాలు వేస్తే చెరిగిపోయేది. గీత చెరిగిందంటే ఇక ఆట లేదు, కొట్లాటే. అందుకని మా వాడకట్టు అంతటికీ ఒకటే చట్టం: గీత తొక్కితే ఔట్. తొక్కుడు బిళ్లలో ఆడపిల్లలకు అదే, చెడుగుడులో మాకూ అదే. పాలు తాగినప్పుడే తాగాం ఆ మాటను. తరువాత శిక్షణ కాలేజీలో నియమాల పుస్తకం చదివాను, పరీక్ష రాశాను, మార్కులూ వచ్చాయి. చదివింది పరీక్ష హాలులోనే వదిలేసి వచ్చాను. ఉద్యోగంలో చేరాక పిల్లలకు నేర్పింది మాత్రం మా వాడకట్టు చట్టమే. ఏ ఊరికి ఆడటానికి పోయినా అందరికీ అదే చట్టం కనుక, ఒక్కడంటే ఒక్కడు నన్ను ఇదేందని అడగలేదు.

ఒక పిల్ల ఆరో తరగతిలో మా బడికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, ఒళ్లంతా కాళ్లే. తండ్రి బొంబాయికి మట్టిపనికి పోతూ వస్తూ ఉండేవాడు. తల్లి సీడు పత్తి చేన్లలో కూలి. మా దిక్కు సీడు పత్తి సంగతి తెలియని వాళ్లకు చెప్తాను. విత్తనం కోసం వేసే పత్తి అది. మధ్యాహ్నం పూట ఆడ చెట్ల మొగ్గలు గిల్లి పెట్టాలి, మరునాడు పొద్దున మగపూలు తెంపుకొచ్చి ఒక్కో పువ్వుకూ రుద్దాలి. దాన్ని క్రాసింగు అంటారు. ఆడపిల్లల సన్నని వేళ్లయితే పని మంచిగా సాగుతుందని ఆ రెండు మూడు నెలలు బడిలో ఆడపిల్లల బెంచీలు సగం ఖాళీ. ఈ పిల్ల కూడా వానాకాలం వచ్చిందంటే మాయమయ్యేది.

ఎనిమిదో తరగతిలో ఒకనాడు నేను తిక్క లేచి నేరుగా చేనులోకే పోయాను. తల్లి నడుము కూడా ఎత్తకుండా అడిగింది.

"ఆట కూడు పెడ్తదా సారూ?"

"పెడ్తదమ్మా. రాష్ట్రం జట్టుల తీస్కుంటే పట్నంల ఆటల హాస్టల్ల సీటు ఇస్తరు. తిండి, బట్ట, డిగ్రీ దాంక సదువు, అన్నీ ఆడనే. నీ బిడ్డ కాళ్లు సూసినవా ఎప్పుడన్న?"

"నేనే గద కన్న, సూడకేం?" అంది. తరువాత నడుము ఎత్తి నా వైపు చూసింది. "పదో తరగతి దాంక ఆగుత. రాష్ట్రం ఆటకు తీస్కపోతే నువ్వు చెప్పినట్లే పంపుత. తీస్కపోకపోతే మల్ల మా గడప తొక్కకు."

సరేనన్నాను. అంత ధీమా నాకు.

ఆ పిల్లకు ఒకటే లోపం. కూత ఆలస్యం. కబడ్డీలో అవతలి జట్టు మీదికి పోయేవాళ్లు నడిగీతకు ఇవతలే ఊపిరి పట్టి, కాలు గీత దాటకముందే 'కబడ్డీ, కబడ్డీ' అని కూత మొదలుపెట్టాలి. దాటాక మొదలుపెడితే ఆ కూత చెల్లదు, వంతు అవతలివాళ్లకు పోతుంది. ఈ పిల్ల కాళ్లు ముందు ఉరికేవి, నోరు వెనకనుంచి వచ్చేది.

"నీ కాళ్లకు తొందరెక్కువ, నోటికి బద్ధకమెక్కువ" అని తిట్టేవాణ్ని. "గీత దాటినంక నువ్వు గొంతు చించుకున్నా చెల్లదు. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"నోరు ఇంట్ల మా అమ్మతోని వాడుత సార్, ఈడికొచ్చేసరికి అరిగిపోతది" అని పకపకా నవ్వేది. నాకూ నవ్వొచ్చేది, కానీ నవ్వితే నెత్తికెక్కుతారని మీసం చాటున దాచుకునేవాణ్ని. రెండేళ్లు పట్టింది ఆ కూతను ముందుకు తేవడానికి. నడిగీత దగ్గర నిలబెట్టి, కూత పెట్టు, అడుగు వెయ్యి, వెనక్కి రా, మళ్లీ కూత పెట్టు. బడి అయిపోయి గొర్లు ఇళ్లకు మళ్లేదాకా అదే పని. పదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్ల కూత మొదలైందంటే అవతలి కోర్టులో పిల్లలు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసేవాళ్లు.

తెలంగాణ వచ్చిన మరుసటి యేడు. అప్పటికి జిల్లా ఇంకా ముక్కలు కాలేదు. మహబూబ్‌నగర్‌లో జిల్లా ఆటలు. అక్కడ ఆడిన వాళ్లలోంచే రాష్ట్రం ఆటలకు పేర్లు ఏరుతారు. మా ఆడపిల్లల జట్టు చివరి ఆట దాకా వచ్చింది. ఆట మొదలయ్యే వేళకు పక్క గీత దగ్గర చూడవలసిన సారుకు చలిజ్వరం. ఆటలు జరిపే పెద్దసారు నా దగ్గరికి వచ్చి, కాసేపు నువ్వు నిలబడు అన్నాడు.

"ఆడేది మా బడి పిల్లలు. నేను గీత సూస్తె ఎవలన్న ఏమన్న అంటరు" అన్నాను.

అవతలి జట్టు సారు నా భుజం తట్టి గట్టిగా నవ్వాడు. "గీత సారైతే మాకు ఫికరే లేదు. సొంత బిడ్డ తొక్కినా ఔట్ ఇస్తడు!"

చుట్టూ ఉన్నవాళ్లు విన్నారు. నాకు ఛాతీ వెడల్పయింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ మాట నాకు తియ్యగా అనిపించింది. పోయి గీత దగ్గర నిలబడ్డాను. అది నేను గీసిన గీతే. పొద్దున్నే తాడు కట్టి గీశాను.

ఆట అయిపోవడానికి రెండు నిమిషాలు ఉన్నాయి. మాది ఒక్క పాయింటు తక్కువ. ఆ పిల్ల కూతకు పోయింది. నడిగీత దాటకముందే కూత ఖంగుమని మొదలైంది. మూలన ఇద్దరిని తాకింది. వెనక్కి మళ్లేలోపు మూడో పిల్ల నడుము పట్టింది. ఈమె గిర్రున తిరిగి నా వైపు ఒరిగింది. ఎడమ మడమ వచ్చి సరిగ్గా నా ముందు సున్నం మీద పడింది. ఆ మడమ మీదే బలం వేసి, విడిపించుకుని, నడిగీత మీద చెయ్యి పెట్టింది. మూడు పాయింట్లు. మా పిల్లలు అరిచారు.

అప్పటికే నా చెయ్యి లేచింది. విజిల్ నోట్లో ఉంది, మోగింది.

నడుమ ఉన్న రెఫరీ నా వైపు చూశాడు. "గీతా?"

"తొక్కింది" అన్నాను.

దాటింది అనలేదు. తొక్కింది అన్నాను. ఆయనా మా దిక్కు మనిషే, ఆయనకూ ఆ మాట చాలు. ఔట్ అని చెయ్యి చూపాడు. ఆ మాట ఇంకొకలా అడిగి ఉంటే, మడమ ఎక్కడ పడింది, అవతల మట్టి మీద పడిందా అని అడిగి ఉంటే, నేను నోరు వెళ్లబెట్టి చూసేవాణ్నేమో. ఎవరూ అడగలేదు.

మా జట్టులో ఒక పిల్ల నా మీదికి ఉరికి వచ్చింది. "తొక్కలె సార్! ఒట్టు, తొక్కలె!"

కూతకు పోయిన పిల్లే ఆమె చెయ్యి పట్టి ఆపింది. "ఊకో వే. తొక్కిన" అంది. తల వంచుకుని పోయి ఔటైన వాళ్ల వరుసలో కూర్చుంది. ఒక్కసారి కూడా నా వైపు కోపంగా చూడలేదు. నేను నేర్పిన పిల్ల కదా, నేను నేర్పిన చట్టమే దానికీ తెలుసు. మేము ఓడిపోయాం.

ఆట ముగిసి అందరూ నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయారు. అప్పుడు ఒక చిన్న సారు నా దగ్గరికి వచ్చాడు. వేరే మండలంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిలగాడు. మర్యాద తెలిసినవాడు, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని వచ్చాడు. చేతిలో నియమాల పుస్తకం, వేలు ఒక పుటలో పెట్టి ఉంది.

"సార్, తప్పుగ అనుకోవద్దు. ఆ పాప మడమ గీత మీదనే పడ్డట్టు కనిపించింది నాకు. గీత ఆటస్థలం లోపటిదే గద సార్? గీత అవతల నేల తాకితేనే గద ఔటు?"

చదివాను. చిన్న ముక్క, ఒక్క వాక్యం. కోర్టు గీతలన్నీ ఆటస్థలంలో భాగమే. ఎప్పుడో పరీక్షకు బట్టీ పట్టిన వాక్యం. ఇన్నేళ్లలో నేను విజిల్ ఊది పంపించిన పిల్లలందరూ ఒక్కసారి లేచి నా ముందు నిలబడ్డట్టయింది. అప్పటికి పేర్లు ఇంకా చదవలేదు. ఏరే సార్లు షామియానా కింద కూర్చుని రాసుకుంటున్నారు. ఇరవై అడుగులు నడిచి పోయి, తప్పు నాది అని ఒక్క మాట అంటే చాలు.

"దాటింది. నేను దగ్గరనుంచి సూసిన" అన్నాను.

చిన్న సారు ఒక క్షణం నా ముఖంలోకి చూశాడు. "అట్లయితె సరే సార్" అని పుస్తకం మూసి వెళ్లిపోయాడు.

దాటలేదు. నేను పోయి చూశాను. మడమ అచ్చు సున్నం నడిమధ్యలో ఉంది, అద్దినట్టుగా. అవతల మట్టి మీద గోటి గీత కూడా లేదు. ఇక మగపిల్లల ఆట మొదలుకావాలి, చెరిగిన గీత సరిచేయాలి, అది నా పనే. సున్నం బకెట్టు తెచ్చాను. పిడికిలి నిండా తీసి ఆ అచ్చు మీద పోశాను. తాడు పట్టి, వంకర లేకుండా, నా బతుకులో గీసినవాటన్నిటికంటే తిన్నగా గీశాను. ఎవరైనా చూస్తే గీత సారు తన పని తాను చేస్తున్నాడనే అనుకుంటారు.

తప్పు ఎవడైనా చేస్తాడు. చెయ్యి నన్ను అడగకుండా లేచింది, దానికి నన్ను నేను మన్నించుకోగలను. ఆ సున్నం మాత్రం చెయ్యి ఒక్కటే పోయలేదు. నేను పోశాను.

పేర్లు చదివేముందు ఏరే సార్లలో పెద్దాయన నన్ను పిలిచాడు. "మీ పిల్ల కూత మంచిగున్నది, కాళ్లు మంచిగున్నయి. జర గీత సోయి లేదు. మీరే ఔట్ ఇచ్చిండ్రంటె ఇగ నేనేమంట? రాష్ట్రం ఆటల ఒక్క అడుగు తప్పు పడితె జట్టు మునుగుతది" అన్నాడు. నేను ఏదైనా అంటానేమో అని కాసేపు ఆగాడు కూడా. ఆగాడు! ఇరవై ఏళ్ల పేరు, ఆటకు ముందు భుజం మీద పడ్డ ఆ చెయ్యి, చిన్న సారుకు చెప్పిన అబద్ధం, అన్నీ కలిసి నాకు అడ్డం నిలబడ్డాయి. తల ఊపాను. పేర్లు చదివారు. ఆమె పేరు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆత్మకూరు బస్సులో నేను ముందు సీటులో కూర్చున్నాను, పిల్లలు వెనక కూర్చున్నారు. ఎప్పుడూ పాటలతో బస్సు ఎగిరిపోయేది, ఆ రోజు చప్పుడు లేదు. దేవరకద్ర దాటాక ఆ పిల్ల కడ్డీలు పట్టుకుంటూ నా సీటు దగ్గరికి వచ్చింది. కాళ్లకు ఇంకా సున్నం ఉంది.

"సార్, నలుగురిల మీ పరువు తీసిన. మాఫ్ చెయ్యిండ్రి."

కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏం కాదు, పోయి కూసో" అన్నాను. నా తప్పుకు అది మాఫీ అడిగితే, నేను దర్జాగా మాఫీ ఇచ్చాను. దేవుడు ఉంటే నాకు అప్పుడే అక్కడే మాట పడిపోవాల్సింది.

ఆ పిల్ల పదో తరగతి పాసయింది. తల్లి మాట తప్పలేదు. వానలు పడగానే పిల్ల సీడు పత్తి చేనుకు పోయింది, మళ్లీ రాలేదు. మా గడప తొక్కకు అన్నది కదా, ఆ మాట నాకు ఒక రకంగా మేలు చేసింది. పోకుండా ఉండటానికి సాకు దొరికింది. దారిలో ఆ ఇల్లు పడుతుందని నేను పోచమ్మ గుడి వెనకనుంచి చుట్టు తిరిగి బడికి పోయేవాణ్ని. గీత చూడటానికి రమ్మని ఎన్నిసార్లు పిలిచినా నడుము నొప్పి అని తప్పించుకున్నాను. పిల్లలకు నేర్పేటప్పుడు ఇప్పుడు సరిగ్గా చెప్తాను, గీత లోపలిదే, గీత అవతల నేల తాకితేనే ఔట్ అని. ప్రతిసారీ ఎవడో ఒకడు నవ్వుతాడు. "గీత తొక్కితే ఔటే గద సార్!" అంటాడు. వాణ్ని కొట్టబుద్ధి అవుతుంది. కొట్టవలసింది వాణ్ని కాదని తెలుసు.

చెప్పాలని అనుకోని యేడు లేదు. ముందు యేడు, దాని గాయం మానాక చెప్దాం అనుకున్నాను. ఆ తరువాత, మానిన గాయం గెలకడమెందుకు అనుకున్నాను. మధ్యలో నాకు వేరే ఊరికి బదిలీ అయింది. దాని పెళ్లయిందని విన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. కాలింది నా చేతులు కూడా కాదు.

మొన్న వానాకాలంలో, రిటైరయ్యే ముందు కాగితాల కోసం ఆ పాత బడికి పోవలసి వచ్చింది. పొద్దున్నే బస్సు దిగి రోడ్డు మీద నిలబడి ఉన్నాను. చేన్లకు ఆడవాళ్లను తీసుకుపోయే ట్రాలీ ఆటో ఒకటి వచ్చి టీ కొట్టు ముందు ఆగింది.

"గీత సారూ!"

తలకు తువ్వాలు, మగవాళ్ల అంగీ చీర మీద తొడుక్కుని, ట్రాలీ మీంచి ఒక్క దుముకు దుమికింది. ఆ దుముకు చూసి గుర్తుపట్టాను, ముఖం చూసి కాదు. వంగి కాళ్లకు దండం పెట్టింది. వేళ్లకు పువ్వుల పసుపు పుప్పొడి ఇంకిపోయి ఉంది.

"మంచిగున్నరా సార్? బాగ సన్నబడ్డరు."

"మంచిగనే ఉన్న బిడ్డా. నువ్వు?"

"ఉన్న సార్. గిదే క్రాసింగు." ఒక్క క్షణం నేల చూసింది. "ఎన్నేండ్లసందో మిమ్ముల ఒక మాట అడుగుదామనుకుంటున్న. ఆ దినం నేను గీత తొక్కినందుకే గద సార్, మీరు మల్ల మా ఇంటి దిక్కు రాకపోతిరి? కోపం ఇంక పోలేదా?"

ఇక నావల్ల కాలేదు. రోడ్డు మీద, టీ తాగేవాళ్ల ముందు, చెప్పేశాను. "నువ్వు తొక్కింది నిజమే బిడ్డా. గానీ గీత ఆట లోపటిదే. తొక్కితే ఔట్ కాదు. నువ్వు ఔట్ కాలే. తప్పు నాది. మనం ఆ ఆట గెలిచినట్లే."

నేను ఏడుస్తున్నానని నాకు ఆమె చూపు చూశాకే తెలిసింది.

"మీకెప్పుడు ఎరుకైంది సార్?"

"ఆట అయినంక. ఒక సారొచ్చి పుస్తకం సూపిచ్చిండు."

"పేర్లు సదివినంకనా? సదవకముందా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మళ్లీ అదే అబద్ధమే, కొంచెం చిన్నది. మింగేశాను.

"సదవకముందే."

ట్రాలీలోంచి ఆడవాళ్లు కేకలు వేశారు. "దా వే! పొద్దెక్కుతాంది, పువ్వు ముడుసుకుంటది!" డ్రైవరు హారన్ కొట్టాడు. ఆ పిల్ల చెప్పు విడిచి, మడమకు అంటిన మట్టిని రోడ్డు అంచుకు రుద్దుకుంది, మెల్లగా, ఏదో పని ఉన్నట్టు. మళ్లీ చెప్పు తొడుక్కుంది. ట్రాలీ ఎక్కింది. తిట్టినా బాగుండు, ఉమ్మినా బాగుండు అని నేను ఆ చక్రం పక్కనే నిలబడ్డాను.

ఆటో కదిలాక పైనుంచి నా వైపు వంగింది. కోపంగా అనలేదు, నేను నేర్పిన పాఠం నాకే అప్పజెప్పినట్టు అంది.

"గీత దాటినంక పెట్టిన కూత చెల్లదని మీరే గద సార్ చెప్తిరి."